మొదటిసారి ఇటలీ, మొత్తం రైళ్ళలోనే, అమ్మానాన్నలతో: ప్లాన్ చూసి చెప్పండి

బెజవాడ_బండి:

నమస్తే అండీ అందరికీ. సెప్టెంబర్ ఆఖర్లో ఇటలీ వెళ్దామనుకుంటున్నాం, నేను, మా ఆయన, అమ్మ, నాన్న, నలుగురం. విమానాల రోజులు తీసేస్తే చేతిలో 10 రాత్రులు ఉంటాయి. ప్యాకేజీ టూరు వద్దు, కారు వద్దు, మొత్తం రైళ్ళలోనే తిరగాలి, ఎందుకంటే అసలు ఈ ట్రిప్పే నాన్న కోసం. నాన్న లోకో పైలట్‌గా రిటైరయ్యారు, గూడ్సుతో మొదలుపెట్టి ఎక్స్‌ప్రెస్‌ల దాకా, సర్వీసు చాలావరకు విజయవాడ, కాజీపేట, బల్హార్షా లైన్లోనే. గంటకి 300 కిలోమీటర్లు వెళ్ళే బండిలో ఒక్కసారి కూర్చోవాలమ్మా అని ఎన్నాళ్ళనుంచో అంటున్నారు. స్విట్జర్లాండ్ వెళ్ళండి, ఒక పాస్ తీసుకుంటే అన్నీ ఎక్కేయొచ్చు అని ఆఫీసులో అందరూ చెప్పారు కానీ నాన్నే వద్దన్నారు, అక్కడివి కొండలెక్కే బళ్ళు, అందం సంగతి సరే నాకు స్పీడు చూడాలని ఉంది అని. అలా ఇటలీ ఖాయమైంది.

నేను రాసుకున్న ప్లాన్ ఇది: రోమ్ 2 రాత్రులు, నేపుల్స్ 1, ఫ్లోరెన్స్ 2, చింక్వె తెర్రె 1, మిలాన్ 1, వెనిస్ 2, మళ్ళీ రోమ్ వచ్చి 1 రాత్రి ఉండి రిటర్న్ ఫ్లైట్. కాగితం మీద చూస్తే బానే ఉంది, బండి ప్రయాణాలన్నీ దాదాపు నాలుగు గంటల లోపే.

అడగాల్సినవి చాలా ఉన్నాయి, ఏమనుకోకండి. యూరప్ రైళ్ళకి కలిపి ఇచ్చే యూరైల్ పాస్ తీసుకోవాలా లేక విడివిడిగా టికెట్లు కొనాలా? ఎన్ని రోజుల ముందు కొనాలి, మనకి లాగా వెయిటింగ్ లిస్టు ఉంటుందా? అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కగలదు కానీ మెల్లగా, నాలుగు సూట్‌కేసులతో స్టేషన్లలో ఎలా? కూలీలు ఉంటారా? అమ్మ పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. వెనిస్‌లో లోపల ఉండాలా, బయట మెస్త్రేలో ఉండాలా? నాన్నకి నచ్చే రైల్వే సంగతులు దారిలో ఇంకేమైనా ఉంటే అవి కూడా చెప్పండి, వాటికోసం ఏదైనా ఊరు తీసేయమన్నా తీసేస్తాను.


మిలాన్‌లో_ఓరుగల్లు:

అక్కా నమస్తే, మాది హనుమకొండ, ఇక్కడ మిలాన్‌ల ఎమ్మెస్ చేస్తున్న, ఇటలీ బళ్ళు బాగనే తిరిగిన కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్తున్న, మీ ప్లాన్‌ల ఊర్లు ఎక్కువైనయ్. 10 రాత్రుల్ల 7 హోటళ్ళు అంటే ఏడు సార్లు సూట్‌కేసులు సర్దుడు, ఇక్కడ చెకౌట్ పదింటికో పదకొండింటికో, అవతల చెకిన్ మధ్యాహ్నం రెండు మూడింటికి, ఆ మధ్యల సామాన్లతోటి అంకుల్ ఆంటీ ఎక్కడ కూసుంటరు చెప్పండి. బండిల ఉండేది గంటన్నరే కావచ్చు, ఊరు మారితే మాత్రం సగం రోజు పోయినట్టే.

మూడు ఊర్లు పట్టుకోండి చాలు. రోమ్ 4 రాత్రులు, ఫ్లోరెన్స్ 3, వెనిస్ 3. నేపుల్స్‌కు రోమ్ నుంచే పొద్దుగాల పోయి రాత్రికి వాపస్ రావొచ్చు, ఫాస్ట్ బండిల గంటా పది నిమిషాలే. పీసా గూడ ఫ్లోరెన్స్ నుంచి మామూలు బండిల గంట ప్రయాణం, సగం రోజుల అయిపోతది. చింక్వె తెర్రె మాత్రం ఈసారికి వదిలేయండి అక్కా. సముద్రం ఒడ్డున ఐదు ఊర్లు, వాటి మధ్యల తిరిగే చిన్న బండి, చూడనీకి మస్తుంటది, కానీ ఆ ఊర్లన్నీ ఎక్కుడు దిగుడే, కొర్నీలియా స్టేషన్ల దిగితే ఊర్లకు పోనీకి 380 దాకా మెట్లున్నయ్. ఆంటీ మోకాళ్ళకు అది కష్టం. మిలాన్ నేను ఉండే ఊరే అయినా దీనికోసం ఒక రాత్రి పెట్టమని నేను చెప్పను, మీ పది రోజులకు రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ ముందు.

ఇంకోటి, మళ్ళ రోమ్‌కు వాపస్ ఎందుకు? ఫ్లైట్ బుక్ చేసేటప్పుడు రిటర్న్ అని కాకుండ మల్టీ సిటీ అని పెట్టి పోయేది రోమ్‌కు, వచ్చేది వెనిస్ నుంచి చూడండి, గల్ఫ్ మీదుగ వచ్చే ఫ్లైట్లు వెనిస్‌కు గూడ ఉన్నయ్. రేటు చాలాసార్లు దగ్గరదగ్గరే ఉంటది, ఒక రోజు మిగుల్తది.

ఇగ టికెట్లు. పాస్ వద్దు. పాస్ ఉన్నా ఫాస్ట్ బండ్లకు సీటు రిజర్వేషన్ పైసలు మళ్ళ విడిగ కట్టాలె, మూడు నాలుగు ప్రయాణాలకు అది గిట్టుబాటు కాదు. ఇక్కడ బండ్లు రెండు రకాలు అని గుర్తుపెట్టుకుంటే సగం గందరగోళం పోతది. ఒకటి ఫాస్ట్ బండ్లు, ఇవి మళ్ళ ఇద్దరివి, ప్రభుత్వ కంపెనీ ట్రెనిటాలియా నడిపే ఫ్రెచ్చారోస్సా, ప్రైవేటు కంపెనీది ఈతలో, ఇది 2012ల మొదలైంది. రెండు అవే పట్టాల మీద, దాదాపు అదే టైమ్‌ల పోతయ్, రెండు యాప్‌లు పెట్టుకుని ఏది తక్కువుంటే అది తీసుకోండి. వీటికి రేటు విమానం టికెట్ లెక్క మారుతది, రోమ్ నుంచి ఫ్లోరెన్స్ ముందే కొంటే ఇరవై ముప్పై యూరోల్ల దొరుకుతది, అదే సీటు ఆఖరి రోజు 50 దాటుతది. మూడు నాలుగు నెలల ముందు అమ్మకానికి వస్తయ్, వెయిటింగ్ లిస్టు అన్నదే లేదు, సీటు ఉంటే ఉన్నది లేకుంటే లేదు. టికెట్ ఏ బండికి కొంటే ఆ బండికే చెల్లుతది.

రెండోది రీజినల్ బండ్లు, పీసాకు పోయేటివి, మెస్త్రే నుంచి వెనిస్‌కు పోయేటివి. వీటికి రేటు ఎప్పుడూ ఒకటే, సీటు నంబర్ ఉండదు, నిండిపోయిందనే మాట లేదు, అదే రోజు స్టేషన్ల కొనుక్కోండి. కానీ ఒక్క విషయం అక్కా, కాగితం టికెట్ కొంటే ఎక్కే ముందు ఫ్లాట్‌ఫాం దగ్గర చిన్న మెషీన్ ఉంటది, అండ్ల పెట్టి ముద్ర వేయించాలె. ఫోన్ల కొంటే ఎక్కే ముందు చెకిన్ అని బటన్ నొక్కాలె. పైసలు పెట్టి కొన్న టికెట్ చేతుల ఉన్నా ముద్ర లేకుంటే టీసీ ఫైన్ వేస్తడు, టూరిస్టులని వదలరు. ఫాస్ట్ బండ్లకు ఇదేం అవసరం లేదు, ఫోన్ల క్యూఆర్ చూపిస్తే చాలు.

స్టేషన్ల బోర్డు మీద మీ ఊరు పేరు కోసం వెతకకండి. రోమ్ నుంచి ఫ్లోరెన్స్ పోయే బండి అసలు మిలాన్‌కో తూరిన్‌కో వెనిస్‌కో పోతుంటది, బోర్డు మీద ఆ ఆఖరి స్టేషన్ పేరే ఉంటది. టికెట్ మీద బండి నంబర్ చూసి అదే నంబర్ బోర్డు మీద వెతుక్కోండి. పక్కన బినారియో అని ఉన్నది ఫ్లాట్‌ఫాం నంబర్, అది బండి టైమ్‌కు పది పదిహేను నిమిషాల ముందే పడుతది, అంతకుముందు ఎవర్ని అడిగినా చెప్పలేరు. రితార్దో అని ఉంటే అన్ని నిమిషాలు లేటు. స్టేషన్ పేర్లు గూడ జాగ్రత్త, మీకు కావల్సినవి రోమా టెర్మిని, ఫిరెంజె శాంటా మరియా నొవెల్లా, వెనేజియా శాంటా లుచియా. ఒక్కో ఊర్ల రెండు మూడు స్టేషన్లు ఉన్నయ్, రోమ్‌ల తిబుర్తీనా, ఫ్లోరెన్స్‌ల కంపో ది మార్తే, అవి ఊరికి దూరం.

మన స్టేషన్ల లెక్క ఎక్కడపడితే అక్కడ కూలీలు దొరకరు అక్కా. ఎవరన్న వచ్చి నేను సూట్‌కేస్ పెడత అని చేతుల పట్టుకుంటే వద్దు అని గట్టిగ చెప్పండి, తర్వాత పైసలు అడుగుతరు. ఒక్కొక్కరికి ఒక్కటి, ఎవరిది వాళ్ళు ఎత్తి పెట్టుకోగలిగే సైజు తెచ్చుకోండి, బోగీ తలుపు దగ్గర సామాన్ల ర్యాక్ ఉంటది. నాలుగు పెద్ద సూట్‌కేసుల కంటే రెండు మధ్య సైజువి, రెండు బ్యాగులు అయితే చాలు, హోటల్ల కాకుండ అపార్ట్‌మెంట్‌ల దిగితే బట్టలు ఉతుక్కోవచ్చు గూడ.


గోదావరి_పట్టాలు:

అమ్మా, నాన్నగారి సంగతి చదివాక రాయకుండా ఉండలేకపోయాను. మాది రాజమండ్రి, చిన్నప్పటినుంచి బళ్ళంటే ప్రాణం. పైన బాబు చెప్పిన మూడు ఊర్ల ప్లాను చాలా సరైనది, దానికి నేను కలిపేది నాన్నగారి వైపు నుంచి.

ముందు ముఖ్యమైనది చెప్తాను. రోమ్ నుంచి ఫ్లోరెన్స్ ఫాస్ట్ లైనులో 300 స్పీడు రాదమ్మా. ఆ లైను పేరు దిరెత్తిస్సిమా, మొదటి భాగం 1977లో తెరిచారు, ఫ్రెంచివాళ్ళ హైస్పీడ్ బండి టీజీవీ కంటే ముందు, యూరప్‌లో మొదటి హైస్పీడ్ లైను అదే, పూర్తవడానికి మాత్రం 1992 అయింది. అప్పటి డిజైను కాబట్టి అక్కడ గరిష్ఠం 250. ఫ్లోరెన్స్ దాటాక బొలోన్యా దాకా 300 లైనే, కానీ దాదాపు 78 కిలోమీటర్లలో 73 సొరంగాలే, కిటికీలోంచి చీకటి తప్ప కనపడేది లేదు. నాన్నగారు 300 స్పీడుని కళ్ళతో చూడాలి అంటే పగటిపూట రోమ్ నుంచి నేపుల్స్ బండి ఎక్కించండి. పొలాల మధ్య, పక్కన నేషనల్ హైవే మీద కార్లు వెనక్కి వెళ్తున్నట్టు కనపడతాయి, బోగీలో స్క్రీన్ మీద స్పీడు వేస్తారు. కాబట్టి ప్లానులో ఏది తీసేసినా నేపుల్స్ మాత్రం తీయకండి.

ఆ లైను గురించి నాన్నగారికి ముందే చెప్పండి, ఎక్కాక చూసుకుంటారు. 2005లో తెరిచారు, పట్టాల పక్కన సిగ్నల్ స్తంభాలు లేవు. డ్రైవరుకి ఎంత దూరం వెళ్ళొచ్చు, ఎంత స్పీడులో వెళ్ళొచ్చు అన్నది రేడియోలో డ్రైవరు క్యాబిన్‌లోకే వస్తుంది, డ్రైవరు దాటితే బండి తనే బ్రేకు వేసుకుంటుంది. బళ్ళు ఢీకొనకుండా తనే బ్రేకు వేసే మన కవచ్ మొదలైంది దక్షిణ మధ్య రైల్వేలోనే కదా, జీవితమంతా పసుపూ ఎరుపూ చూస్తూ బండి నడిపిన మనిషికి సిగ్నలే లేని లైను మీద ప్రయాణం ఎలా ఉంటుందో నేను ఊహించగలను. ఇంకోటి, ఇటలీ పాత కరెంటు లైన్లు చాలావరకు 3000 వోల్టుల డీసీ, కొత్త హైస్పీడ్ లైన్లు మన లాగే 25,000 వోల్టుల ఏసీ. రోమ్ నుంచి బయల్దేరిన బండి పాత కరెంటు మీద మొదలై ఊరు దాటాక కొత్త కరెంటులోకి మారుతుంది. ముంబై వైపు ఒకప్పుడు 1500 డీసీ ఉండేది, నాన్నగారికి ఆ మార్పుల సంగతి తెలిసే ఉంటుంది. రోడ్డు మీద కార్లు కుడివైపు పోతాయి కానీ బళ్ళు మాత్రం మనలాగే ఎడమ పట్టా మీద నడుస్తాయి, మొదటి రోజే గమనిస్తారు చూడండి.

ఇక నేపుల్స్ దగ్గర పియెత్రార్సా రైల్వే మ్యూజియం. దీనికోసం సగం రోజు ఇవ్వండి. ఇటలీలో మొదటి రైలు 1839 అక్టోబర్ 3న నేపుల్స్ నుంచి పోర్తిచికి నడిచింది, అంటే మన దేశంలో మొదటిదైన బోరీబందర్ ఠాణే బండి కంటే 14 ఏళ్ళు ముందు. అదే దారిలో, సముద్రం ఒడ్డున, నేపుల్స్ రాజు కట్టించిన లోకో వర్క్‌షాపు ఇది, 1975 దాకా పని చేసింది, 1989లో మ్యూజియం చేశారు. పెద్ద పెద్ద షెడ్లలో స్టీమ్ ఇంజన్లు వరసగా నిలబెట్టి ఉంటాయి, దగ్గరికి వెళ్ళి చూడొచ్చు, మొట్టమొదటి బండిని లాగిన బయార్ ఇంజన్ నమూనా కూడా ఉంది. బయటికొస్తే ఒక పక్క సముద్రం, ఇంకో పక్క వెసూవియస్ కొండ. వెళ్ళడం కూడా తేలిక, నేపుల్స్ నుంచి లోకల్ బండి ఎక్కి పియెత్రార్సా సాన్ జార్జియో అనే స్టేషన్లో దిగితే మ్యూజియం ఆనుకునే ఉంటుంది. వారంలో అన్ని రోజులూ తెరవరు, టికెట్లు కొనేముందు వాళ్ళ సైటులో రోజులు చూసుకోండి.

వెనిస్‌కి వెళ్ళేటప్పుడు మెస్త్రే దాటగానే అందరినీ కిటికీ దగ్గరికి రమ్మనండి. అక్కడినుంచి ఉప్పునీళ్ళ మీద వంతెన, 1846లో కట్టింది, మూడున్నర కిలోమీటర్ల పైనే, బండికి రెండు పక్కలా నీళ్ళే. గోదావరి మీద మా హేవలాక్ వంతెన చూస్తూ పెరిగినవాణ్ణి, ఆ నాలుగు నిమిషాలు నాకు చాలా ఇష్టం.

రోజులు ఇంకో నాలుగు ఉండి ఉంటే సిసిలీ దీవికి వెళ్ళే బండి ఎక్కమనేవాణ్ణి, మెసీనా దగ్గర బోగీలను విడగొట్టి జనాలతో సహా ఓడలోకి ఎక్కిస్తారు. కానీ రోమ్ నుంచి పలెర్మో దాకా పన్నెండు గంటల ప్రయాణం, అమ్మగారితో ఈసారి వద్దు.


మ్యూనిక్_కోడలు:

మా అత్తగారు మామగారిని తీసుకుని ఇదే రూట్ చేశాం కాబట్టి పెద్దవాళ్ళు, తిండి, ఈ రెండింటి గురించి చెప్తానండి, రైళ్ళ గురించి పైన ఇద్దరూ చాలా బాగా చెప్పారు.

ముందు మోకాళ్ళు. ఫాస్ట్ బళ్ళకి ఎక్కేచోట రెండు మూడు మెట్లుంటాయి, పట్టుకోడానికి కడ్డీ ఉంటుంది, ఇబ్బంది లేదు. టెర్మిని, ఫ్లోరెన్స్ స్టేషన్లు చివరి స్టేషన్లలాంటివి, అంటే పట్టాలు అక్కడితో ఆగిపోతాయి, ఫ్లాట్‌ఫాం నుంచి నేరుగా రోడ్డుకి నడిచి వచ్చేయొచ్చు, ఫుట్‌ఓవర్ బ్రిడ్జి ఎక్కే పని లేదు. వెనిస్ శాంటా లుచియా కూడా అంతే. అసలు కష్టం ఊళ్ళలో ఉంటుందండీ. రోమ్‌లో అంతా రాళ్ళు పరిచిన రోడ్లు, నేపుల్స్ దగ్గరి శిథిల నగరం పాంపేయ్ అయితే రెండు వేల ఏళ్ళ నాటి రాళ్ళు, ఎగుడుదిగుడు, నీడ తక్కువ. నేపుల్స్ రోజున మీరిద్దరూ పాంపేయ్ వెళ్ళి అమ్మగారూ నాన్నగారూ ఆ మ్యూజియం దగ్గర ఉంటే ఎవరికి కావల్సింది వాళ్ళు చూస్తారు అని నాకనిపిస్తోంది, నాన్నగారి చేతిలో ఇంటర్నెట్ ఉన్న ఫోను ఉంటే చాలు. పాంపేయ్‌కి వెళ్ళే లోకల్‌లో జేబులు జాగ్రత్త, బాగా రద్దీగా ఉంటుంది.

వెనిస్ గురించి నా మాట వేరేగా ఉంటుంది. అందరూ మెస్త్రేలో ఉండండి చవక అంటారు, నిజమే, బండిలో పది పన్నెండు నిమిషాలే, టికెట్ ఒకటిన్నర యూరో ప్రాంతం. కానీ పెద్దవాళ్ళతో మధ్యాహ్నం ఒక గంట రూముకెళ్ళి పడుకునే వీలు ఉండాలి, మెస్త్రేలో ఉంటే అది కుదరదు, పొద్దున వెళ్తే రాత్రికే రావాలి. శాంటా లుచియా స్టేషన్ బయటికొచ్చి ఎడమవైపు లిస్తా ది స్పాన్యా అనే వీధి ఉంటుంది, ఆ వీధి చివర చర్చి దాకా ఒక్క వంతెన కూడా ఎక్కక్కర్లేదు, ఆ వీధిలోనే హోటల్ చూసుకోండి. వెనిస్‌లో దాదాపు ప్రతి వంతెనకీ మెట్లే, సూట్‌కేసుతో ఒక్క వంతెన దాటడమే పెద్ద పని. మూడు రాత్రులు ఖరీదనిపిస్తే రెండు చేసి ఆ రాత్రి ఫ్లోరెన్స్‌కి ఇవ్వండి. నీళ్ళ బస్సు టికెట్ ఒక్కసారికి 9.50 యూరోలు, 75 నిమిషాలు పనిచేస్తుంది, రోజుకి రెండు మూడు సార్లు ఎక్కేట్టయితే రోజు పాస్ తీసుకోండి, అమ్మగారికి నడక తగ్గుతుంది, ఊరు మొత్తం నీళ్ళ మీదనుంచి చూసినట్టూ ఉంటుంది.

తిండి. గుడ్డు తినరు కాబట్టి ఒకటి తెలుసుకోండి, ఫ్రెష్ పాస్తా అని రాసి ఉన్నవి, తాల్యతెల్లె లాంటివి, గుడ్డుతో చేస్తారు. ఎండు పాస్తా, అంటే స్పగెట్టి, పెన్నె, గోధుమ రవ్వా నీళ్ళే. కాబట్టి స్పగెట్టి పొమొదోరో, పెన్నె అరబ్బియాతా, రెండోది కారం, మన నోటికి బాగుంటుంది. అల్యొ ఒల్యొ అని వెల్లుల్లి, ఎండుమిరప, ఆలివ్ నూనె వేసి చేస్తారు, మా అత్తగారు రోజూ అదే అడిగారు. పార్మెజాన్ చీజ్ తయారీలో దూడ కడుపులోంచి తీసిన పదార్థం వాడతారు, అమ్మగారు అంత నిష్ఠగా ఉంటే సెంజా ఫొర్మాజ్జో అనండి, చీజ్ వేయకుండా ఇస్తారు. పిజ్జాలో మరినారా అని ఉంటుంది, చీజ్ లేకుండా టమాటా, వెల్లుల్లితో చేసేది. బిల్లులో కొపెర్తో అని మనిషికి ఒకటి రెండు యూరోలు వేస్తారు, అది కూర్చున్నందుకు, మోసం కాదు.

వారానికి పైగా బయటి తిండి అంటే పెద్దవాళ్ళకి విసుగొస్తుందండీ, కాబట్టి వంటిల్లు ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. రోమ్‌లో టెర్మిని దగ్గర ఎస్క్విలీనో మార్కెట్ ఉంది, అక్కడ బంగ్లాదేశ్ వాళ్ళ షాపుల్లో బియ్యం, కందిపప్పు, బెండకాయలు, కొత్తిమీర దొరుకుతాయి. ఇంటినుంచి పొడులు, పచ్చళ్ళు తెచ్చుకోండి కానీ నెయ్యి, పాలకోవా, పెరుగు మిరపకాయలు లాంటివి వద్దు, పాలతో చేసినవీ మాంసంతో చేసినవీ యూరప్‌లోకి లగేజీలో తేకూడదు. పచ్చి కరివేపాకు కూడా వద్దు.

ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్ళోకి లెయొనార్దో ఎక్స్‌ప్రెస్ ఉంది, అరగంటలో టెర్మిని, మనిషికి 14 యూరోలు. నలుగురికి 56. తెల్ల రంగు గవర్నమెంట్ టాక్సీ ఊరి మధ్యలోకి ఫిక్స్‌డ్ రేటు 55, ఇంటి గుమ్మం దగ్గర దింపుతాడు. విమానం దిగిన అలసటలో అమ్మగారితో టాక్సీయే మేలు.


బెజవాడ_బండి:

ఎంత ఓపిగ్గా రాశారండీ అందరూ, మీ అందరికీ చాలా థ్యాంక్స్. నాన్నకి మొత్తం చదివి వినిపించాను. సిగ్నల్ స్తంభాలు లేవు అన్న దగ్గర మళ్ళీ చదవమన్నారు, తర్వాత గోదావరి గారిని ఒకటి అడగమన్నారు, 300లో వెళ్తున్నప్పుడు బ్రేకు వేస్తే ఎంత దూరంలో ఆగుతుంది అని.

ప్లాన్ మార్చేశాం. రోమ్ 4, ఫ్లోరెన్స్ 4, వెనిస్ 2, వెనిస్ నుంచే రిటర్న్. మిలాన్, చింక్వె తెర్రె తీసేశాను, మా ఆయనకి చింక్వె తెర్రె గురించి కొంచెం బాధగా ఉంది కానీ అమ్మ మోకాళ్ళ సంగతి విని ఊరుకున్నారు. వెనిస్‌లో స్టేషన్ పక్క వీధిలోనే చూస్తున్నాం.

ఇంకా రెండు డౌట్లు. వీసా రాకముందే రైలు టికెట్లు కొనాలా? కొన్నాక వీసా రాకపోతే డబ్బులు పోతాయి కదా, ఆగితే రేటు పెరుగుతుంది. రెండోది, ఇటలీలో రైల్వే సమ్మెలు ఎక్కువ అని చదివాను, మనం వెళ్ళిన రోజే సమ్మె అయితే ఏం చేయాలి?


మిలాన్‌లో_ఓరుగల్లు:

అక్కా, ఇటలీకి కావల్సిన షెంగెన్ వీసాకు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, ఫీజు పెద్దవాళ్ళకు 90 యూరోలు, సర్వీసు ఛార్జి వేరే, 30,000 యూరోలకు తక్కువ కాని ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉండాలె. ఎండాకాలం అపాయింట్‌మెంట్లకు గిరాకీ మస్తుంటది కాబట్టి మే, జూన్‌లనే వేసేయండి. వీసా వచ్చేసరికి ఇంకా రెండు మూడు నెలలు మిగిలుంటయ్, రైలు టికెట్లు అప్పుడు కొన్నా మంచి రేటే దొరుకుతది. హోటళ్ళు మాత్రం ముందే ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్నవి బుక్ చేసి పేపర్లల్ల పెట్టండి.

రైలు టికెట్ ముందే కొనాల్సి వస్తే ఏ రకం అన్నది చూడండి. ట్రెనిటాలియాల బేస్ టికెట్ అయితే బయల్దేరే ముందు ఎన్నిసార్లన్న మార్చుకోవచ్చు, రద్దు చేస్తే 20 శాతం పట్టుకుని మిగిలింది ఇస్తరు. ఎకానమీ అయితే రేటు తేడా కట్టి మార్చుకోవచ్చు. సూపర్ ఎకానమీ అన్నిటికంటే చవక, కానీ రీఫండ్ లేదు. వీసా చేతికి వచ్చినంక, ఏ రోజు ఏ ఊర్ల ఉంటరో ఖాయమైనంకనే సూపర్ ఎకానమీ ముట్టండి.

సమ్మెను ఇక్కడ షోపెరో అంటరు, శుక్రవారాలు ఎక్కువ పడుతయ్. కానీ చెప్పకుండ చేయరు, ముందే తేదీ ప్రకటించాలె, ఏ తేదీన ఏ సమ్మె అని ఇటలీ రవాణా శాఖ సైటుల పెడతరు. పొయ్యే ముందు వారం రోజులు అది చూసుకుంటుండండి. పనిదినాల్ల సమ్మె ఉన్నా పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 రీజినల్ బండ్లు నడపాలె అని రూల్ ఉన్నది. ఫాస్ట్ బండ్లల్ల గూడ తప్పకుండ నడిచే బండ్ల లిస్టు వేస్తరు, మీ బండి నంబర్ అండ్ల ఉందో లేదో చూస్కోండి. రద్దయితే పైసలు వాపస్ వస్తయ్. ఊరు మారే రోజులు రెండే ఉన్నయ్ మీకు, ఆ రెండు శుక్రవారం పడకుండ చూస్కుంటే టెన్షన్ సగం తగ్గుతది.


గోదావరి_పట్టాలు:

నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండమ్మా. 300లో మామూలు బ్రేకు వేస్తే ఆగడానికి కొన్ని కిలోమీటర్లు పడుతుంది, అందుకే అక్కడ సిగ్నల్ స్తంభాలు పెట్టినా లాభం లేదు, కంటికి కనపడ్డాక బ్రేకు వేస్తే ఆగే దూరమే ఉండదు. ఆయన అడిగిన ప్రశ్నలోనే ఆ లైనుకి రేడియో ఎందుకు పెట్టారన్న జవాబు ఉంది.

నేపుల్స్ రోజుకి పొద్దున ఎనిమిది గంటల ప్రాంతంలో టెర్మిని నుంచి బయల్దేరండి, కిటికీ సీటు నాన్నగారికి, స్క్రీన్ కనపడే వైపు. మ్యూజియం ముందు చూసేయండి, నేపుల్స్ పిజ్జా తర్వాత. సాయంత్రం తిరుగు బండి ఆరింటికి కాకుండా కొంచెం ముందు తీసుకుంటే రోమ్ చేరేదాకా వెలుతురు ఉంటుంది, ఆ లైను రెండుసార్లు చూసినట్టవుతుంది. మీరిద్దరూ పాంపేయ్ వెళ్ళేట్టయితే మాత్రం ముందే ఒక చోటు అనుకోండి, నేపుల్స్ సెంత్రాలే పైన పెద్ద బోర్డు కింద కలుసుకోవడం తేలిక, లోకల్ బండి స్టేషన్ దాని కింద అంతస్తులోనే ఉంది.